జత తప్పిన ప్లేట్లతో ప్రేమికుల రోజు విందు

ఫిబ్రవరి 14 రాత్రి విందుకు బల్ల సర్దడం అమెరికా, ఇంగ్లండ్ ఇళ్లలో చాలామందికి ఏటా వచ్చే ఒక చిన్న వేడుక. దీనికోసం కొత్త డిన్నర్ సెట్ కొనేవాళ్లు తక్కువ. పాత సామాన్ల సంతల్లో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాకిట్లో పెట్టే అమ్మకాల్లో, అమ్మమ్మల అల్మారాల్లో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా పోగైన ప్లేట్లు, గాజు గిన్నెలు, వెండిపూత స్పూన్లు ఆ రోజున బయటికి వస్తాయి. రెండు ప్లేట్లు ఒక కార్ఖానావి అయితే మూడోది ఇంకో కార్ఖానాది. కప్పుకూ సాసరుకూ పుట్టిన ఊళ్లే వేరు. వీటన్నిటి మధ్యా పూలు. ఇన్ని రకాలు ఒకే బల్ల మీద చేరినా అంగడి పరిచినట్టు కాకుండా విందులా కనిపించాలంటే వాటి మధ్య ఏదో ఒక చుట్టరికం ఉండాలి. అది చాలావరకు రంగుతో కుదురుతుంది. ప్రేమికుల రోజుకు ఎరుపు, గులాబి, తెలుపు ముందే ఖాయమై ఉన్నాయి కాబట్టి, జత తప్పిన సామాను వాడుకోవడానికి ఇంతకంటే అనువైన పండుగ లేదు.

ఆ రంగులు ఈ రోజుకు అంటుకున్న కథ పెద్దదేమీ కాదు. వాలెంటైన్ పేరుతో రోమన్ల కాలంలో ఒకరికి మించి క్రైస్తవ అమరవీరులు ఉన్నారు. వాళ్లకూ ప్రేమ వ్యవహారాలకూ ఉన్న సంబంధం చరిత్రకు గట్టిగా దొరకదు. ఆ రోజును జంటలతో ముడిపెట్టిన తొలి రచనల్లో ఒకటి 14వ శతాబ్దం చివర ఇంగ్లిష్ కవి జెఫ్రీ ఛాసర్ రాసిన పక్షుల సభ కావ్యం. అందులో పక్షులు ఆ రోజున జోడు వెతుక్కుంటాయి. అమెరికాలో 1840ల చివర మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో ఎస్తర్ హౌలండ్ అనే యువతి లేసు కాగితం, రంగు కాగితాలు, పూల బొమ్మలు అతికించి శుభాకాంక్షల కార్డులు తయారుచేసి అమ్మింది. ఆ పని పెద్ద వ్యాపారమైంది. ఇప్పుడు ఈ విందు బల్ల మీద కనిపించే తెల్ల లేసు గుడ్డ, దానిమీది ఎర్ర పువ్వు చూస్తే ఆ కార్డుల పోలిక ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1860ల్లో రిచర్డ్ క్యాడ్‌బరీ బొమ్మలు వేసిన చాక్లెట్ పెట్టెలు తేవడంతో తియ్యని కానుక కూడా ఈ రోజుకు తోడైంది.

గులాబి రంగు పింగాణీ

ఇలాంటి బల్లకు వెన్నెముక సాధారణంగా ట్రాన్స్‌ఫర్‌వేర్ అనే అచ్చుబొమ్మల పింగాణీ. కోటలు, చెట్లు, పడవలు, పల్లె దృశ్యాలు ఒకే రంగులో ప్లేటు నిండా పరుచుకుని ఉంటాయి. చుట్టూ పూలతీగ అంచు. దూరం నుంచి చూస్తే ఎవరో సన్నని కుంచెతో వేసినట్టుంటుంది కానీ అది అచ్చు. 18వ శతాబ్దం నడుమ ఇంగ్లండ్‌లో మొదలైన పద్ధతి ఇది. 1756లో లివర్‌పూల్‌కు చెందిన జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఇద్దరూ ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్ మీద బొమ్మలు అచ్చు వేశామని ప్రమాణపత్రం రాసిచ్చారు. చేత్తో బొమ్మలు వేసి పొట్టపోసుకునేవాళ్లకు ఆ లెక్క ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పని జరిగే తీరు చూడదగ్గది. ముందు రాగి రేకు మీద బొమ్మను గీతలుగా, చుక్కలుగా చెక్కుతారు. రేకును వేడిచేసి, నూనెలో కలిపిన చిక్కని రంగు పట్టించి, పైపైన మిగిలినది గీకేస్తారు. గాట్లలో దిగిన రంగు మాత్రం అలాగే ఉంటుంది. సబ్బునీళ్లు పట్టించిన పలుచని టిష్యూ కాగితాన్ని దానిమీద పరిచి యంత్రంతో నొక్కితే బొమ్మ కాగితానికి ఎక్కుతుంది. ఆ కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, ఒకసారి కాల్చిన ప్లేటు మీద అతికించి, గట్టి బ్రష్‌తో బలంగా రుద్దుతారు. తర్వాత నీళ్లలో ముంచితే కాగితం ఊడి వస్తుంది, నూనె రంగు మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. తక్కువ వేడిలో నూనెను పోగొట్టి, పైన గాజు పూత వేసి, మళ్లీ కాలుస్తారు. బొమ్మ పూత కింద ఉంటుంది కాబట్టే వందేళ్లు వాడినా చెరగదు.

అంచు పట్టీ కాగితం ప్లేటు చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చే చోట అతుకు కనిపిస్తుంది. సగం తెగిన ఆకు ఒకటి, దాని పక్కనే పొంతన లేని పువ్వు ఒకటి ఉంటాయి. కొత్తగా కొనేవాళ్లు దీన్ని లోపమనుకుని ప్లేటు వదిలేస్తుంటారు. పాత సామాను తెలిసినవాళ్లు ముందు వెతికేది ఆ అతుకునే. చేత్తో అతికించిన కాగితానికి అది సాక్ష్యం.

మొదట్లో ఈ పింగాణీ ఎక్కువగా నీలం రంగులోనే వచ్చింది. పూత కింద ఉండి కొలిమి వేడిని తట్టుకునే రంగుల్లో కోబాల్ట్ నీలం అన్నిటికంటే నమ్మకమైనది. స్టోక్ పట్టణంలో జోసయా స్పోడ్ 1784లో ఈ నీలం అచ్చును చక్కగా కుదిర్చాడు. 1820ల చివరికి గులాబి, ఆకుపచ్చ, ఊదా, గోధుమ రంగులూ కొలిమికి తట్టుకునేలా తయారయ్యాయి. ప్రేమికుల రోజు బల్లకు కావలసిన గులాబి ప్లేటు వయసు కాబట్టి రెండు వందల ఏళ్లకు మించదు. సంతల్లో దొరికేవాటిలో చాలా భాగం అంతకంటే బాగా చిన్నవే, 20వ శతాబ్దం సరుకు. స్టాఫర్డ్‌షైర్‌లోని హ్యాన్లీలో 1883లో మొదలైన జాన్సన్ బ్రదర్స్ కంపెనీ 1930లో తెచ్చిన ‘ఓల్డ్ బ్రిటన్ కాసిల్స్’ వరస అందుకు మంచి ఉదాహరణ. అందులో ప్లేటు సైజు మారితే కోట బొమ్మ కూడా మారుతుంది. పెద్ద భోజనం ప్లేటు మీద ఉన్నది ఐర్లండ్‌లోని బ్లార్నీ కోట. దశాబ్దాల పాటు తయారైంది కాబట్టి ఈ వరసలో విడి ప్లేట్లు ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతుంటాయి. ఒకటి పగిలితే మరొకటి తెచ్చుకోవచ్చన్న ధీమా ఉంటేనే పాత ప్లేట్లను అల్మారా లోంచి తీసి అన్నం పెట్టుకోగలుగుతారు. ఆ ధీమా లేని సామాను గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ప్లేటు తిరగేసి వెనక ముద్ర చూస్తే వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. అందువల్ల ‘ఇంగ్లండ్’ అన్న మాట ఉంటే ఆ తర్వాతిది కావచ్చు. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దానిది. ఏమీ లేకపోతే పాతదని సంబరపడనక్కర్లేదు. ముద్ర వేయని కార్ఖానాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వజ్రం ఆకారంలో గుర్తు ఉంటే అది బ్రిటన్‌లో 1842 నుంచి 1883 వరకు నడిచిన డిజైన్ రిజిస్ట్రేషన్ గుర్తు. అలాంటిది చేతికి వస్తే బేరం ఆడకుండా కొనేవాళ్లు ఉన్నారు.

కొనేముందు చూపుడు వేలి గోటిని అంచు చుట్టూ తిప్పాలి. కంటికి ఆనని పెచ్చు గోటికి తగులుతుంది. ప్లేటును అరచేతిలో నిలబెట్టి వేలితో మెల్లగా మీటితే మంచిది కంగుమంటుంది, లోపల బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కుండలు కొనేటప్పుడు మన ఊళ్లలో ఆడవాళ్లు చేసే పరీక్షే ఇది.

మాంద్యం కాలపు గాజు

పింగాణీ పక్కన గాజు ఉంటే బల్లకు వెలుగు వస్తుంది. అమెరికాలో ఇందుకు ఎక్కువమంది వెతికేది డిప్రెషన్ గ్లాస్. 1929లో షేర్ మార్కెట్ కూలి దేశమంతా మాంద్యంలో పడ్డ తర్వాత దాదాపు పదేళ్లపాటు ఒహాయో, పెన్సిల్వేనియా చుట్టుపక్కల కార్ఖానాలు యంత్రాలతో అచ్చుపోసి తీసిన చవక గాజు సామాను ఇది. గులాబి, ఆకుపచ్చ, తేనె రంగుల్లో వచ్చేది. ఓట్స్ డబ్బా కొంటే అడుగున ఒక గిన్నె ఉండేది. సినిమా హాళ్లు వారంలో ఒక రోజు టికెట్‌తో పాటు ఒక ప్లేటో కప్పో ఇచ్చేవి. వరసగా వారాలు సినిమాకు వెళ్తే సెట్ పూర్తయ్యేది. అంటే ఈ సామాను పుట్టుకలోనే ఒక్కొక్కటిగా పోగుచేసుకునేది. ఇప్పటి సేకర్తలు చేస్తున్నదీ అదే, సినిమా ఒక్కటే తక్కువ.

అచ్చుపోసిన గాజులో చిన్న బుడగలు, అతుకు గీతలు ఉంటాయి. వాటిని కప్పడానికి ఒళ్లంతా లేసు అల్లిక లాంటి సన్నని డిజైన్లు వేశారని చెబుతారు. మక్‌బెత్-ఎవాన్స్ కంపెనీ 1930 నుంచి 1936 వరకు చేసిన ‘అమెరికన్ స్వీట్‌హార్ట్’ గులాబి గాజు పేరులోనే ఈ పండుగ ఉంది. జెనెట్ కంపెనీ ‘చెర్రీ బ్లాసమ్’, హాకింగ్ కంపెనీ ‘మేఫెయిర్’ కూడా అదే కాలం నాటివి. 1970ల్లో సేకరణ మోజు పెరిగాక చెర్రీ బ్లాసమ్‌కు నకళ్లు కూడా వచ్చాయి. నకలు రంగు తేడాగా, డిజైన్ మొద్దుగా ఉంటుంది. అసలుది ఒకటి చేతిలో ఉంటే తప్ప ఆ తేడా మాటల్లో అర్థం కాదు.

ముదురెరుపు గాజుది మరో కథ. కరిగిన గాజులో అతి కొద్దిగా బంగారం లవణం కలిపితే ఆ ఎరుపు వస్తుంది. 17వ శతాబ్దం చివర జర్మనీలోని పాట్స్‌డామ్‌లో యోహాన్ కుంకెల్ ఈ బంగారు ఎరుపు గాజుకు పేరు తెచ్చాడు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌లో దీన్నే కాస్త లేతగా చేసి క్రాన్‌బెర్రీ గాజు అన్నారు. దీపం వెలుతురు అటువైపు నుంచి పడితేనే దీని అందం తెలుస్తుంది. అందుకని ఎర్ర గాజును కొవ్వొత్తి ముందు పెట్టాలి. బల్ల మూలకు తోస్తే నల్లగా కనిపిస్తుంది. యూరప్ గాజు, పింగాణీ ఎలా ఉంటాయో దగ్గరగా చూడాలనుకునే తెలుగువాళ్లకు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ విభాగాలు చాలు.

వెండిపూత స్పూన్లు, ఫోర్కుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విద్యుత్తుతో వెండి పూసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కంపెనీ 1840లో పేటెంట్ తీసుకున్న తర్వాత అవి మధ్యతరగతి ఇళ్లకూ వచ్చాయి. ఎవరివో పొడి అక్షరాలు చెక్కి ఉన్న స్పూన్లు కొనడానికి కొందరు వెనకాడతారు. నిజానికి అవే చవకగా వస్తాయి.

పాత సామానులో తినేవాళ్లు ఒక సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. పాత పూతల్లో, పూత మీద వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. ప్లేటు మీద జల్లెడలా సన్నని పగుళ్లు తేలి ఉంటే అందులో పులుసు, టమాటా, నిమ్మరసం తగిలే వంటలు పెట్టకూడదు. పులుపు సీసాన్ని లాగుతుంది. అలాంటి ప్లేటు అడుగున అలంకారానికి పెట్టి, దాని మీద మామూలు తెల్ల ప్లేటులో వడ్డించడం ఉత్తమం. సీసం కలిసిన పాత క్రిస్టల్ గ్లాసులో వైన్ పోసి అప్పటికప్పుడు తాగితే తాగవచ్చు, అందులో రాత్రంతా నిల్వ ఉంచకూడదు. చిన్నపిల్లలకూ గర్భిణులకూ మాత్రం కొత్త సామానులోనే పెట్టాలి. పాత గాజులో వేడి వేడి కాఫీ పోస్తే పగిలే ప్రమాదమూ ఉంది.

కొలతల లెక్క

బల్ల మీద ఎంత చోటు ఉందో ముందే లెక్క చూసుకుంటే సగం తప్పులు తప్పుతాయి. ఒక్కొక్కరికి పక్కవాటున 60 సెంటీమీటర్లు కావాలి. ప్లేటు బల్ల అంచుకు రెండున్నర సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. భోజనం ప్లేటు అడ్డకొలత దాదాపు 27 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లకు ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే ప్లేట్లకే 59 సెంటీమీటర్లు పోతాయి. నడుమ మిగిలేది 31. ప్లేటు కింద పెద్ద అడుగు ప్లేటు పెడితే అదింకా తగ్గుతుంది. ఆ మిగిలిన పట్టీలోకే గ్లాసులు, ఉప్పు గిన్నె, రొట్టె బుట్ట, వడ్డించే పళ్లెం, పూలు, కొవ్వొత్తులు అన్నీ రావాలి. పత్రికల ఫోటోల్లో కనిపించే బల్లల మీద తిండి పెట్టే చోటు ఎక్కడా ఉండదు. ఫోటోకు అది ఫర్వాలేదు, విందుకు కుదరదు. వడ్డించే గిన్నెల్ని పక్కనున్న మరో చిన్న బల్ల మీదికి మార్చడమే దీనికి ఉపాయం.

మిగతాది మామూలే. ఫోర్కు ఎడమవైపు, చాకు కుడివైపు, చాకు పదును ప్లేటు వైపుకు, దాని పక్కన స్పూను, చాకు మొనకు పైన గ్లాసు. నాప్‌కిన్ ప్లేటు మీద గానీ ఎడమవైపు గానీ ఉంటుంది. బల్ల గుడ్డ అంచు నుంచి 25, 30 సెంటీమీటర్లు వేలాడితే చూడటానికి బాగుంటుంది, కూర్చున్నవాళ్ల మోకాళ్లకు చిక్కదు.

జత తప్పిన ప్లేట్లను కలిపేటప్పుడు ఒక్కటే పట్టుకోవాలి. బొమ్మలు ఎన్ని రకాలైనా రంగు ఒకటే అయితే కలుస్తాయి. రంగులు రెండు మూడైతే ఆకారం ఒకటైనా ఉండాలి. నలుగురికి నాలుగు రకాల గులాబి ప్లేట్లు పెట్టినప్పుడు వాటి కింద నాలుగూ ఒకేలాంటి తెల్లవి ఉంటే అతిథి కంటికి అది కావాలని చేసినట్టు తెలుస్తుంది. లేకపోతే సెట్ పగిలిపోయిందని జాలిపడతాడు. హృదయం ఆకారం బల్ల మీద ఒకటో రెండో చోట్ల ఉంటే ముచ్చట. నాప్‌కిన్ ఉంగరం, బిస్కెట్, కొవ్వొత్తి, పేరు చీటీ అన్నీ అదే ఆకారంలో ఉంటే అంగట్లో గిఫ్టుల అర కళ్లకు కడుతుంది.

పూలు

భోజనాల బల్ల నడుమ పూలు పెట్టడం అనాదిగా ఉన్న ఆచారం కాదు. 19వ శతాబ్దం దాకా యూరప్ సంపన్నుల విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద బారులు తీరేవి. ఫ్రెంచ్ పద్ధతి అది. పూలకు చోటెక్కడిది? 1810 ప్రాంతంలో పారిస్‌లోని రష్యా రాయబారి కురాకిన్ ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే రష్యన్ పద్ధతిని అక్కడ చూపించాడని చెబుతారు. అది నెమ్మదిగా పాకి శతాబ్దం రెండో సగానికి ఇంగ్లండ్‌లోనూ కుదురుకుంది. వంటకాలు వంటింటి వైపు వెళ్లిపోవడంతో బల్ల నడుమ ఖాళీ పడింది. ఆ ఖాళీలోకి పూలు, పళ్లు వచ్చాయి. 1861లో లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ విందు బల్లల అలంకారానికి పోటీ పెడితే మొదటి బహుమతి టి.సి. మార్చ్ పేరున వచ్చిన అమరికకు దక్కింది. సన్నని గాజు కాడకు కింద ఒక తట్ట, పైన ఒక తట్ట బిగించి పూలు సర్దిన స్టాండు అది. నడుమ సన్నని కాడే కాబట్టి అటువైపు కూర్చున్నవాళ్ల ముఖం కనిపిస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ‘మార్చ్ స్టాండు’ ఇంగ్లండ్ బల్లల మీద ఫ్యాషన్‌గా నడిచింది.

ముఖం కనిపించాలన్న నియమం నేటికీ మారలేదు. మోచేయి బల్లకు ఆనించి పిడికిలి మీద గడ్డం పెట్టుకుంటే ఆ గడ్డం ఎత్తే పూలకు హద్దు. సుమారు 30 సెంటీమీటర్లు. ఇద్దరే కూర్చునే విందులో ఇది మరీ ముఖ్యం. పెద్ద గులాబీల గుత్తి నడుమ పెట్టుకుని దాని పక్కల నుంచి తొంగి చూసుకుంటూ తినడం ఆ రోజు హోటళ్లలో మామూలుగా కనిపించే దృశ్యం.

పూలను వంటింటి పాత్రల్లోకి తెచ్చిన ఘనత చాలావరకు ఇంగ్లండ్ పూల అలంకర్త కాన్‌స్టన్స్ స్ప్రైది (1886–1960). ఖరీదైన పూలకుండీలే ఉండాలన్న పట్టింపు ఆమెకు లేదు. గ్రేవీ పోసే పాత్ర, సూప్ గిన్నె, బేకింగ్ ట్రే ఏది దొరికితే అందులో సర్దింది. గులాబీల పక్కన కేల్ ఆకులు, కంచె మీది తీగలు, గడ్డి కంకులు పెట్టింది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి పూలు సర్దే పని ఆమెకే అప్పగించారు. సేకరించిన సామానుకు ఆమె పద్ధతి సరిగ్గా అతుకుతుంది. పిడి విరిగిన కప్పు, మూత పోయిన టీ కెటిల్, పెచ్చు లేచిన చక్కెర గిన్నె తినడానికి పనికిరావు గానీ పూలకు భేషుగ్గా ఉంటాయి. బీట ఉన్న పాత్ర నీళ్లు కారితే లోపల చిన్న గాజు గ్లాసు పెట్టాలి. వెండి, ఇత్తడి పాత్రలకూ ఇదే జాగ్రత్త. పూలు నిలవడానికి నీళ్లలో కలిపే పొడి లోహాన్ని తింటుంది. మన ఇళ్లలో ఆవకాయ ఖాళీ అయిన పింగాణీ జాడీ, పూజకు వాడని ఇత్తడి చెంబు ఈ పనికి ముందు వరసలో నిలుస్తాయి.

గులాబీని విందుకు రెండు రోజుల ముందు తేవాలి. అంగట్లో కొన్ననాడు మొగ్గగా ఉండేది అప్పటికి విచ్చుకుంటుంది. నీటిమట్టానికి కింద ఉండే ఆకులన్నీ తీసేసి, కాడను ఏటవాలుగా రెండు మూడు సెంటీమీటర్లు కోసి వెంటనే గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. మెడ వాలిపోయిన గులాబీని పారేయనక్కర్లేదు. కాడలో గాలి బుడగ అడ్డుపడి నీళ్లు ఎక్కక అలా అవుతుంది. మళ్లీ కోసి, పువ్వుతో సహా వెడల్పాటి తొట్టిలో గంటసేపు నీళ్లలో పడుకోబెడితే చాలాసార్లు లేచి నిలబడుతుంది. ట్యూలిప్ సంగతి వేరు. కోసిన తర్వాత కూడా అది పెరుగుతుంది, వెలుతురు వైపు ఒంగుతుంది. పొద్దున సర్దిన ట్యూలిప్పులు రాత్రికి గ్లాసుల మీదికి వాలతాయి. అందుకని వాటిని చివర్లో, పొట్టిగా కోసి పెడతారు. డాఫొడిల్ కాడ నుంచి కారే జిగురు పక్క పూలను పాడుచేస్తుంది కాబట్టి దానికి వేరే గిన్నె. పైగా అది విషపు మొక్క, తినే పదార్థానికి తగలకూడదు. అంగడి గులాబీ రేకులను కూడా కేకుల మీద, సలాడ్ల మీద చల్లకూడదు. వాటిని పురుగుమందులు కొట్టి పెంచుతారు. కార్నేషన్‌ను చవక పువ్వని చిన్నచూపు చూస్తారు గానీ అంచులు చిరిగిన గులాబి కార్నేషన్లు పది కలిపి పొట్టిగా కోసి ఒక గిన్నెలో గుండ్రంగా కుదిస్తే పాత పింగాణీ పక్కన అంత బాగా ఒదిగే పువ్వు మరొకటి ఉండదు.

కాడలు నిలబడటానికి పూలంగళ్ల వాళ్లు వాడే పచ్చని స్పాంజిని 1950ల్లో అమెరికాలో కనిపెట్టారు. అది ప్లాస్టిక్ జాతిది, మట్టిలో కలవదు. దాని బదులు గిన్నె మూతి మీద సన్నని టేపును గళ్లుగా అతికించి గడికో కాడ గుచ్చితే సరిపోతుంది. ముళ్ల పీటలాంటి జపాన్ కెంజాన్ ఉంటే ఇంకా మంచిది. వాసన విషయంలో తిండిదే పైచేయి కావాలి. తెలుగువాళ్లు లిల్లీ అనే నేలసంపెంగ, హయసింత్ లాంటివి గదిలో ఓ మూల ఉంచాలి గానీ అన్నం పక్కన పెడితే ముద్ద రుచి తెలియదు. కొవ్వొత్తులూ వాసన లేనివే వాడాలి. వాటి మంట కంటికి సూటిగా రాకుండా పూలకంటే పొట్టిగానో, ముఖాలకంటే బాగా ఎత్తుగానో ఉండాలి. లేసు గుడ్డకు, రేకులకు ఎడంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

నలుగురి బల్ల ఒకటి ఇలా కుదురుతుంది. తెల్ల గుడ్డ, నడుమ పాత లేసు పట్టీ. నాలుగు తెల్ల ప్లేట్లు, వాటి మీద రెండు కోటల ప్లేట్లు, రెండు పల్లె దృశ్యాలవి, అన్నీ గులాబివే. పైన గులాబి గాజు సలాడ్ గిన్నెలు. జత లేని నాలుగు టీ కప్పుల్లో ఒక్కోదానిలో అయిదారు పొట్టి కార్నేషన్లు, రెండు గులాబీలు, కాస్త ఆకు. కప్పులు వరసగా కాక ఎడం ఎడంగా నడుమ పట్టీలో ఉంటాయి. వాటి మధ్య ఎర్ర గాజు గిన్నెలు రెండు, ఒక్కోదానిలో చిన్న దీపం. ఒక కప్పు జరిపితే కూర గిన్నెకు చోటు దొరుకుతుంది. మొత్తం పూల ఖర్చు నడిమి సైజు గులాబీల గుత్తికంటే తక్కువ.

ఫిబ్రవరిలో గులాబీ ధర ఎక్కడైనా ఎక్కువే. అమెరికాకు కొలంబియా, ఈక్వడార్ నుంచి, యూరప్‌కు ఎక్కువగా కెన్యా నుంచి ఆ పూలు విమానాల్లో వెళ్తాయి. మన దగ్గర తమిళనాడులోని హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల తోటల నుంచి ‘తాజ్‌మహల్’ రకం ఎర్ర గులాబీలు ఈ పండుగకు ఎగుమతి అవుతాయి. హైదరాబాద్‌లో పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. పాత సామానుకు గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్నాయి. అక్కడ ఇంగ్లండ్ కోటల ప్లేటే దొరకాలని లేదు. గులాబి గీత ఉన్న హోటల్ సాసర్లు, స్టీలు కంచం కిందికి సరిపడే, అంచు రంగు వెలసిన పాత పింగాణీ పళ్లేలు ఏవైనా ఒకే రంగులో ఆరు పోగుచేస్తే బల్ల మొదలైనట్టే. మల్లెలకు అప్పటికి ఇంకా కాలం రాదు. నాటు గులాబీలు, చామంతులు దొరుకుతాయి.

విందు ముగిసిన రాత్రి ముందుగా వెండి కడగాలి. గుడ్డు, ఉప్పు తగిలిన వెండి తెల్లారేసరికి నల్లబడుతుంది. పాత పింగాణీని, రంగు గాజును డిష్‌వాషర్‌లో వేయకూడదు. బంగారు అంచు పోతుంది, గాజు మసకబారి మళ్లీ మెరవదు. సింకు అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ఒక్కొక్కటిగా కడిగి, ఆరాక ప్లేటుకూ ప్లేటుకూ మధ్య పాత నూలుగుడ్డ ముక్క పెట్టి సర్దాలి. పూల కప్పుల్ని చల్లని గదిలోకి మార్చి, రెండు రోజులకోసారి కాడలు కాస్త కోసి నీళ్లు మారుస్తుంటే గులాబీలు వారం ఉంటాయి, కార్నేషన్లు నెలాఖరు దాకా ఉంటాయి.